మామయ్య పాత సిస్టంలో ఇరుక్కున్న పద్యాలు

తెనాలిలో మా మామయ్య చాలా ఏళ్లు డీటీపీ సెంటర్ నడిపాడు. పెళ్లి కార్డులు, కాలేజీ నోట్సులు, కరపత్రాలు, వాటి మధ్య అప్పుడప్పుడూ ఒక పుస్తకం. షాపు మూసేశాక ఆ కాలపు కంప్యూటర్ ఒకటి ఇంట్లో మెట్ల కింద ఉండిపోయింది. గత ఏడాది ఒక మాస్టారి అబ్బాయి డాలస్ నుంచి ఫోన్ చేసి, వాళ్ల నాన్నగారి పద్యాల పుస్తకం మళ్లీ అచ్చు వేయిస్తానని, ఫైల్ ఉంటే ఇవ్వమని అడిగాడు. రెండు శతకాలు, కొన్ని ఖండికలు. టైప్ చేసింది మామయ్యే.

అచ్చయిన పుస్తకం వాళ్ల దగ్గర ఉంది. దాన్ని చూసి మళ్లీ టైప్ చేయించుకోవచ్చు కదా అని నేనూ అన్నాను. కానీ మాస్టారు పుస్తకం వచ్చాక కూడా మామయ్య పక్కన కూర్చుని, రెండో ముద్రణ కోసమని చాలా పద్యాలు దిద్దించారట. ఆ ముద్రణ రాకుండానే ఆయన పోయారు. కాగితాలేవీ మిగల్లేదు. ఆ దిద్దుబాట్లు ఈ డిస్క్‌లో తప్ప ఇంకెక్కడా లేవు.

"ఒరేయ్, నల్ల స్క్రీన్ మీద ఎర్రర్ లోడింగ్ ఆపరేటింగ్ సిస్టమ్ అని వచ్చి ఆగిపోతోంది. షాపతన్ని అడిగితే ఫార్మాట్ కొట్టి ఫ్రెష్‌గా విండోస్ వేసిస్తానన్నాడు. ఫార్మాట్ అంటే అన్నీ పోతాయిగా అని వెనక్కి తెచ్చుకున్నా" అన్నాడు మామయ్య.

ఈ మొత్తం వ్యవహారంలో అందరికన్నా తెలివైన పని చేసింది మామయ్యే. విండోస్ పైకి లేవాలంటే డిస్క్‌లో కొన్ని చోట్లు తప్పనిసరిగా చదవగలగాలి. డిస్క్ మొదట్లో ఉండే రికార్డు, సీ డ్రైవ్ మొదటి సెక్టార్, ఆ తర్వాత కొన్ని సిస్టం ఫైళ్లు. సెక్టార్ అంటే 512 బైట్లు. ఆ గొలుసులో ఒక్క సెక్టార్ చెడినా సిస్టం ఆగిపోతుంది, మిగతా లక్షల సెక్టార్లు శుభ్రంగా ఉన్నా సరే. అదే డిస్క్ మీద కొత్తగా విండోస్ వేస్తే అది జీబీల కొద్దీ కొత్త ఫైళ్లు రాస్తుంది. పాత ఫైళ్లు అసలు పోయేది అప్పుడు.

"ఇంక దాన్ని ఆన్ చెయ్యకు మామయ్యా, నేనొచ్చి చూస్తా" అన్నాను. బలహీనపడిన డిస్క్‌ని ఊరికే ఆన్ చేసి చూడటం కూడా మంచిది కాదు. విండోస్ ఒకవేళ సగం లేచినా చెక్‌డిస్క్ అనే తన తనిఖీ మొదలెట్టి, తనకి అర్థం కాని వాటిని సరిచేస్తున్నాననుకుంటూ తీసి పారేస్తుంది.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. హార్డ్‌వేర్ నా పని కాదు. కానీ చుట్టాల్లో ఒకడు సాఫ్ట్‌వేర్ అయితే ప్రింటర్ నుంచి టీవీ రిమోట్ దాకా అన్నీ వాడి ఖాతాలోనే పడతాయి. డేటా రికవరీ చేసే వాళ్లని ఒకరిని కనుక్కుంటే, వాళ్లు చెప్పిన రేటుకి రెండో ముద్రణ మొత్తం అచ్చయిపోయేలా ఉంది. సరే, డిస్క్ పరిస్థితి చూశాక నిర్ణయిద్దామనుకున్నాను.

అది ఐడీఈ అనే పాత రకం 40 జీబీ డిస్క్. ఇప్పటి సాటా డిస్కులకు ఉండే సన్న కేబుల్ కాదు, 40 పిన్నుల వెడల్పాటి రిబ్బన్ కేబుల్. ఇప్పటి ల్యాప్‌టాప్‌కి అది ఎక్కాలంటే యూఎస్‌బీ కన్వర్టర్ కావాలి. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీలో అడిగితే మొదటి షాపుల వాళ్లు సాటా కన్వర్టర్లే చూపించారు. లోపలి వైపు ఒకాయన కింది అరలోంచి ఐడీఈ, సాటా రెండూ పట్టేది తీశాడు. దాంతో విడిగా కరెంటు అడాప్టర్ వచ్చిందా లేదా అని చూసి మరీ తీసుకోవాలి. ల్యాప్‌టాప్ డిస్కులకి యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టులు సరిపోతాయి గానీ, డెస్క్‌టాప్‌లో వాడే మూడున్నర అంగుళాల డిస్క్ తిరగాలంటే 12 వోల్టులు కూడా కావాలి.

తెనాలి వెళ్లాక కేబినెట్ విప్పి, డిస్క్ బయటికి తీసి, ముందు జంపర్ చూశాను. వెనక కేబుల్‌కీ కరెంటు సాకెట్‌కీ మధ్య ఉండే చిన్న పిన్నుల మీద పెట్టే ప్లాస్టిక్ ముక్క అది, ఒకే కేబుల్ మీది రెండు డిస్కుల్లో ఇది మొదటిదా (మాస్టర్) రెండోదా (స్లేవ్) అని చెబుతుంది. ఏ చోట పెడితే మాస్టర్, ఏ చోట పెడితే స్లేవ్ అన్నది డిస్క్ పైన లేబుల్ మీదే బొమ్మ వేసి ఉంటుంది. ఇలాంటి కన్వర్టర్లు చాలావరకు మాస్టర్‌గా ఉంటేనే డిస్క్‌ని గుర్తిస్తాయి. మామయ్య డిస్క్ స్లేవ్‌లో ఉంది. ఎందుకు అలా పెట్టారో ఆయనకీ గుర్తులేదు.

కరెంటు ఇచ్చాక చేయాల్సింది చెవి పెట్టి వినడం. సన్నటి హోరుతో తిరగడం మొదలై, ఒకట్రెండు టిక్కులతో సర్దుకుంటే పరవాలేదు. టక్, టక్, టక్ అని ఒకే తాళంలో ఆగకుండా కొట్టుకుంటుంటే లోపల డేటా చదివే హెడ్లు దెబ్బతిన్నాయని అనుమానించి వెంటనే ఆపేయాలి. అది దుమ్ము లేని గదిలో విప్పాల్సిన పని, ఇంట్లో చేసేది కాదు. మామయ్య డిస్క్ మామూలుగానే తిరిగింది. అప్పటిదాకా టెన్షన్‌గా నిలబడ్డ అత్తయ్య కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

పక్కింటాయన ఒకరు వచ్చి, ఇలాంటి డిస్కుల్ని కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే పనిచేస్తాయని సలహా ఇచ్చారు. ఈ మాట ఇంటర్నెట్‌లోనూ తిరుగుతుంటుంది. కోస్తా గాలిలో చల్లటి డిస్క్ బయటికి తీస్తే దాని మీదా లోపలా చెమ్మ పడుతుంది. లోపల తిరిగే పళ్లేలకీ హెడ్‌కీ మధ్య దూరం వెంట్రుక మందంలో చిన్న వంతు కూడా ఉండదు. ఆ సలహాకి నవ్వి ఊరుకున్నాం.

ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉండగా డిస్క్ తగిలిస్తే డీ డ్రైవ్ కనిపించింది. సీ డ్రైవ్‌కి మాత్రం, వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని పెట్టె వచ్చింది. క్యాన్సిల్ కొట్టి డిస్క్ తీసేశాను. విండోస్‌కి ఆ భాగం అర్థం కాలేదన్నదే దాని భావం, అక్కడ ఏమీ లేదని కాదు. పైగా విండోస్ ఏ డిస్క్‌నైనా తెరవగానే తన సొంత ఫోల్డర్లు కొన్ని దాని మీద రాస్తుంది. అందుకని విండోస్ బదులు, పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉబుంటు లైవ్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టంతో ల్యాప్‌టాప్ ఎక్కించి, డిస్కులు తగిలించగానే వాటంతటవే తెరుచుకునే సెట్టింగ్ ఆపేసి, అప్పుడు మళ్లీ తగిలించాను.

ఈ పనిలో ఒకే ఒక్క నియమం ఉంది. పాత డిస్క్ మీద ఏ ప్రయోగమూ చేయకూడదు. ముందు దాన్ని మొదటి సెక్టార్ నుంచి చివరి సెక్టార్ దాకా, ఖాళీ జాగాతో సహా, ఒకే పెద్ద ఫైల్‌గా కాపీ తీసుకోవాలి. తర్వాత ఏం చేసినా ఆ కాపీ మీదే. దీనికి వాడేది డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం. ఉబుంటులో దీని ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ, లైవ్‌లో వెతికితే వెంటనే దొరకదు, యూనివర్స్ అనే రిపాజిటరీ ఆన్ చేస్తే వస్తుంది. కాపీ పెట్టుకునే బయటి డిస్క్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే కుదరదు. అందులో ఒక ఫైల్ 4 జీబీ దాటదు.

మామూలు కాపీ ప్రోగ్రాం చెడ్డ సెక్టార్ తగలగానే అక్కడే వేళ్లాడుతుంది, లేదా మొత్తం ఆపేస్తుంది. డీడీరెస్క్యూ అలా కాదు. సులువుగా చదవగలిగినవన్నీ ముందు లాగేసుకుంటుంది, మొండికేసిన చోట్లని దాటేసి వాటి జాబితాని మ్యాప్ ఫైల్ అనే చిన్న ఫైల్లో రాసుకుంటుంది. తర్వాత ఆ చోట్లకే తిరిగొచ్చి అంచుల నుంచి కొంచెం కొంచెం గీకుతుంది. అందుకే మొదటి విడతలో గీకడం వద్దని చెప్పాను. డిస్క్ ఎప్పుడు ప్రాణం వదులుతుందో తెలియనప్పుడు మంచి భాగాన్ని ముందు బయటికి తెచ్చుకోవాలి. కమాండ్ ఇచ్చేటప్పుడు ఏది పాత డిస్క్, ఏది కొత్తది అన్నది సైజు చూసి ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాలి. మన 40 జీబీ డిస్క్ అక్కడ 37 చిల్లరగా కనిపిస్తుంది. తయారుచేసిన వాళ్లు వెయ్యితో లెక్కపెడితే కంప్యూటర్ 1024తో లెక్కపెడుతుంది, తేడా అదే. రెండూ తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి పద్యాల మీద కూర్చుంటుంది.

మంచి భాగం గంటలోపే వచ్చేసింది. మధ్యలో కరెంటు పోయింది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది గానీ డిస్క్ అడాప్టర్ ఆగిపోయింది. మామయ్య తల పట్టుకున్నాడు. కరెంటు వచ్చాక అదే కమాండ్ మళ్లీ ఇస్తే, మ్యాప్ ఫైల్ చూసుకుని ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలైంది. ఆ తర్వాత అడాప్టర్‌ని ఇన్వర్టర్ లైన్‌కి మార్చాం. చెడ్డ చోట్లని గీకే రెండో విడత రాత్రంతా నడిచింది. డిస్క్ వేడెక్కుతోందని టేబుల్ ఫ్యాన్ దాని వైపు తిప్పి మామయ్య వరండాలో పడుకున్నాడు. తెల్లారేసరికి చదవకుండా మిగిలింది 212 కేబీ. అంటే 424 సెక్టార్లు. మొత్తం డిస్క్‌లో సుమారు ఏడు కోట్ల ఎనభై లక్షల సెక్టార్లు ఉంటాయి.

పోయినవాటిలో 63వ నంబరు సెక్టార్ ఉంది. విండోస్ ఎక్స్‌పీ కాలంలో మొదటి పార్టిషన్, అంటే డిస్క్‌లో మొదటి భాగమైన సీ డ్రైవ్, మొదలయ్యేది అక్కడే. నల్ల స్క్రీన్ మీద ఆ మాట ఎందుకు వచ్చిందో, విండోస్ ఫార్మాట్ ఎందుకు అడిగిందో అప్పుడు తెలిసింది. సీ డ్రైవ్ తలుపు ఒక్కటే ఊడిపోయింది, ఇల్లంతా అలాగే ఉంది. డీ డ్రైవ్ కాపీలోంచి మామూలుగానే తెరుచుకుంది, నిండా పెళ్లి కార్డులు. కానీ డీటీపీ చేసేవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది, నడుస్తున్న పనంతా డెస్క్‌టాప్ మీదే పడేస్తారు. డెస్క్‌టాప్ ఉండేది సీ డ్రైవ్‌లో.

విండోస్ డిస్క్ మీద ఫైళ్లని అమర్చుకునే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఒక మంచి ఏర్పాటు ఉంది. పార్టిషన్ మొదటి సెక్టార్‌కి ఒక నకలు అదే పార్టిషన్ చివరి సెక్టార్‌లో దాచి ఉంటుంది. కాపీకి ఇంకో కాపీ తీసి, దాని మీద టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రాం నడిపితే, అసలు బూట్ సెక్టార్ (ఆ మొదటి సెక్టార్) చెడింది, బ్యాకప్ బాగుంది అని చూపించింది. బ్యాకప్‌ని ముందుకి తెమ్మని చెప్పాను. డెస్క్‌టాప్ ఫోల్డర్ పేర్లతో సహా వచ్చింది. న్యూ, న్యూ న్యూ, ఫైనల్, ఫైనల్ 2, ఫైనల్ కరెక్ట్. పేర్లు పెట్టే పద్ధతి ప్రతి డీటీపీ సెంటర్‌లోనూ ఒకటే అనుకుంటా.

టెస్ట్‌డిస్క్‌తో పాటే ఫోటోరెక్ అని ఒకటి వస్తుంది. చాలామంది నేరుగా దాంతోనే మొదలుపెడతారు. నన్నడిగితే అది ఆఖరి మార్గం. ఫోల్డర్లనీ పేర్లనీ పట్టించుకోకుండా ఫైల్ మొదట్లో ఉండే గుర్తుల్ని బట్టి ఏరుతుంది, అందుకని అన్నీ ఎఫ్ అక్షరం, వెనక ఒక అంకె అనే పేర్లతో వస్తాయి. వేల ఫైళ్లలో మన శతకం ఏదో తెరిచి చూస్తే గానీ తెలియదు.

ఆ 212 కేబీ ఏ ఫైళ్లలో పడిందో తెలుసుకోవడానికి డీడీరెస్క్యూలోనే ఒక ఉపాయం ఉంది. చదవలేకపోయిన చోట్లన్నిటినీ కాపీలో మనం ఇచ్చిన ఒక గుర్తు మాటతో నింపమని చెప్పవచ్చు. తర్వాత తీసిన ఫైళ్లన్నిటిలో ఆ మాట కోసం వెతికితే, దొరికినవే దెబ్బతిన్నవి. ఎక్కువభాగం విండోస్ తన తాత్కాలిక అవసరాలకి వాడుకునే పేజ్ ఫైల్‌లో పడింది, దాంతో మనకి పనిలేదు. కొన్ని పాటలు పోయాయి. ఖండికల ఫైల్ కూడా పోయింది. పేజీలు కూర్చే ప్రోగ్రాం పేజ్‌మేకర్ దాన్ని తెరవనే లేదు. ఖండికలకి దిద్దుబాట్ల ముందటి ఫైల్ డీ డ్రైవ్‌లో ఉంది కాబట్టి అదే మిగిలింది. రెండు శతకాలూ క్షేమం.

డిస్క్ పని అక్కడికి అయిపోయింది. తెలుగు పని అప్పుడు మొదలైంది.

ఫైళ్లన్నీ పేజ్‌మేకర్ 7లో, అను అనే పాత తెలుగు ఫాంట్లతో చేసినవి. ఆ 7వ వెర్షన్ 2001 నాటిది, అడోబీ పేజ్‌మేకర్ అభివృద్ధి ఎప్పుడో ఆపేసింది. అడోబీదే ఇంకో ప్రోగ్రాం ఇన్‌డిజైన్, సీఎస్6 వరకూ ఆ ఫైళ్లని తెరిచేది, తర్వాతి వెర్షన్లు తెరవవు. మామయ్యకి తెలిసిన విజయవాడ ప్రెస్ వాళ్ల దగ్గర పేజ్‌మేకర్ ఇప్పటికీ నడుస్తోంది. ఫైళ్లు పట్టుకెళ్తే తెరుచుకున్నాయి గానీ ఒక పేజీ నిండా చుక్కలూ కొక్కేలూ ఉన్న ఫ్రెంచి అక్షరాలూ, డిగ్రీ గుర్తులూ. మామయ్య వాడిన ఫాంట్ ఒకటి వాళ్ల సిస్టంలో లేదు.

ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబరు ఇచ్చిన యూనికోడ్‌కి ముందటి ఫాంట్లు పనిచేసే తీరే అది. ఫాంట్‌లో 256 గళ్లు ఉంటాయి, అవి అసలు ఇంగ్లీషువి. వాటిలో తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు ముక్కలు ముక్కలుగా కూర్చోబెట్టారు. ఫైల్లో నిజానికి తెలుగు లేదు, ఆ గళ్ల నంబర్లే ఉన్నాయి. ఫాంట్ ఉంటే కంటికి తెలుగు, లేకపోతే పిచ్చి గీతలు. అందుకని పాత తెలుగు డిస్క్ నుంచి డేటా తీసేవాళ్లు డాక్యుమెంట్లతో పాటు విండోస్ ఫోల్డర్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్‌ని కూడా తప్పకుండా తీసుకోవాలి. కాపీ మొత్తం ఉంది కాబట్టి నాకు అది దొరికింది. ప్రియాంక, అనుపమ, ఇంకా మామయ్య ముచ్చటపడి వేసుకున్నవన్నీ. అవి ఎక్కించగానే పేజీ తెలుగులోకి తిరిగింది. మొదట పీడీఎఫ్‌లు చేసుకున్నాం.

మాస్టారి అబ్బాయికి మాత్రం వెతకడానికి వీలైన యూనికోడ్ పాఠం కావాలి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఏ వెర్షన్ అను అన్నది సరిగ్గా చెప్పాలి, లేకపోతే అంతా అస్తవ్యస్తం. సరిగ్గా చెప్పినా కొన్ని వత్తులు ఊడిపోతాయి, కొన్ని పక్క అక్షరానికి అతుక్కుంటాయి. వచనమైతే అక్షరం అక్షరం చూసుకోవడం తప్ప దారి లేదు. ఇక్కడ మాత్రం మాస్టారు రాసినవి వృత్తాలు, అంటే ప్రతి పాదంలోనూ గురులఘువుల వరస ముందే ఖాయమైన పద్యాలు.

నేను ప్రింట్ తీసి ఇస్తే మామయ్య పైకి చదవడం మొదలుపెట్టాడు. ఆయన ఛందస్సు చదువుకున్నవాడు కాదు, ఏళ్ల తరబడి మాస్టార్ల పక్కన కూర్చుని టైప్ చేసి చెవికి పట్టించుకున్నవాడు. "ఇక్కడ కుంటుతోందిరా" అనేవాడు. చూస్తే ఉత్పలమాల మూడో పాదం 'నెమది' అని మొదలైంది. ఉత్పలమాలలో మొదటిది భగణం, గురువు తర్వాత రెండు లఘువులు. 'నెమ్మది' అయితే సరిపోతుంది, వత్తు ఊడి 'నెమది' అయితే మూడూ లఘువులే. ప్రాస కూడా అక్కడే పట్టిస్తుంది, మిగతా మూడు పాదాల్లో రెండో అక్షరం 'మ్మ'. ఫైల్ చెడిందో లేదో తేల్చడానికి మా ఆఫీసులో చెక్‌సమ్ అని ఒక అంకె లెక్కగట్టి దాచుకుంటాం. ఈ పద్యాలకి ఆ అంకె మాస్టారే లోపల పెట్టి వెళ్లారు. గురులఘువులు లెక్కపెట్టి తేడా వచ్చిన పాదాల్ని చూపించే చిన్న ప్రోగ్రాం రాశాను, చాలావరకు మామయ్య చెవి పట్టినవే అదీ పట్టింది. అరసున్నలు ఊడితే మాత్రం గణం చెడదు. శ, ష, స మారినా అంతే. వాటికి అచ్చు పుస్తకాన్ని పక్కన పెట్టుకోవాల్సి వచ్చింది.

ఒక చిక్కు మిగిలింది. రెండో శతకానికి దిద్దిన ఫైళ్లు రెండున్నాయి, ఫైనల్ 2, ఫైనల్ కరెక్ట్. కొన్ని పద్యాలు రెండింటిలోనూ వేర్వేరుగా ఉన్నాయి, అచ్చు పుస్తకంలో ఉన్నట్టు ఏదీ లేదు. ఛందస్సు రెండింటికీ సరిపోతోంది. ఏది తర్వాతదో తేదీ చూసి తేల్చుదామంటే రెండూ 2002 జనవరి 1నే అంటున్నాయి. మదర్‌బోర్డు మీద బటన్ బ్యాటరీ అయిపోయి, మామయ్య సిస్టం ఆన్ చేసిన ప్రతిసారీ గడియారం అక్కడి నుంచే మొదలయ్యేదట. "తేదీతో నాకేం పని, కార్డు మీద ముహూర్తం సరిగ్గా ఉంటే చాలు" అన్నాడు.

ఫైల్ పేరుని నమ్మి కరెక్ట్ అన్నదే చివరిదనుకుందామా అంటే మామయ్యే ఒప్పుకోలేదు. "కరెక్ట్ అని పెట్టాక కూడా మాస్టారు ఫైనల్ 2 తెరవమనేవారు" అన్నాడు. డాలస్‌కి ఫోన్ చేసి రెండూ చదివి వినిపించాం. ఒక పద్యంలో నాలుగో పాదం నాన్నగారు ఇంట్లో ఎలా చదివేవారో ఆయనకి గుర్తుంది, అది ఫైనల్ 2లో ఉన్న పాఠం. మిగతావాటికి ఏ ఆధారమూ దొరకలేదు. చివరికి ఫైనల్ 2ని పైన పెట్టి, రెండోదాన్ని పాఠాంతరంగా పేజీ అడుగున వేయడానికి ఒప్పుకున్నారు. ఇప్పుడు మామయ్య ఆ అడుగు అక్షరాలు ఎన్ని పాయింట్లు ఉండాలన్నదాని మీద ప్రెస్ వాళ్లతో వాదిస్తున్నాడు.